వియ్యాలూ పదవులూ: పారమట్టాలో నిలవని కులీనత

సిడ్నీకి పడమట పారమట్టా పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారు రోజూ పలికే ఊరిపేర్లలో కొన్ని, రెండు శతాబ్దాల క్రితం ఆ నేలను పంచుకున్న కుటుంబాల ఇంటిపేర్లు. కరివేపాకు కోసమూ కందిపప్పు కోసమూ వెళ్ళే వెంట్వర్త్‌విల్‌లో వెంట్వర్త్ కుటుంబం ఉంది. వరుసగా భారతీయ భోజనశాలలున్న హారిస్ పార్క్‌లో సర్జన్ జాన్ హారిస్ ఉన్నాడు. పారమట్టా నడిబొడ్డున మెకార్థర్ వీధి, మార్స్‌డెన్ వీధి ఉన్నాయి. ఈ నలుగురిలో ఇద్దరు, హారిస్, డార్సీ వెంట్వర్త్, వైద్యులు. ఒకరు సైనికాధికారి, ఒకరు మతాచార్యుడు. రాజు పంపిన గవర్నర్లతో పోరాడి, కొన్నిసార్లు గెలిచి, చాలాకాలం వలసరాజ్యాన్ని తమ ఇంటి వ్యవహారంగా నడిపిన వర్గం ఇది. నేటి న్యూ సౌత్ వేల్స్ రాజకీయాల్లో ఈ ఇంటిపేర్లకు ఓట్లు తెచ్చే శక్తి లేదు.

ఇదే రైలు మార్గంలో ఇంకొంత పడమటికి పోతే బ్లాక్‌టౌన్ వస్తుంది. ఫిలిప్పీన్స్ నుండి వచ్చిన కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వారి స్వదేశంలో కథ వేరు. 1965 నుండి 1986 వరకు ఏలిన ఫెర్డినాండ్ మార్కోస్ కుమారుడు 2022లో అధ్యక్షుడయ్యాడు. అంతకు ముందరి అధ్యక్షుడు దుతెర్తె కుమార్తె అదే ఎన్నికలో ఉపాధ్యక్షురాలయింది. మకపగాల్ ఇంట తండ్రీ కూతురూ, అకినో ఇంట తల్లీ కొడుకూ అధ్యక్షపీఠం ఎక్కారు. రాజకీయ వంశాలను నిషేధించాలని 1987 నాటి రాజ్యాంగమే చెప్పింది. అయితే వంశమంటే ఏమిటో చట్టం నిర్వచించాలన్నది. ఆ చట్టం చేయవలసిన సభలో కూర్చున్నవారిలో అత్యధికులు ఆ వంశాలవారే కావడంతో, తరువాతి మూడు దశాబ్దాలకు పైగా దేశమంతటికీ వర్తించే నిర్వచనం రాలేదు. రెండుచోట్లా ఆరంభం ఒకే రకం: విదేశీ పాలన, కొద్దిమంది చేతుల్లో భూమి, ఆ కొద్దిమంది మధ్యనే పెళ్ళిళ్ళు. పారమట్టాలో ఆ అల్లిక ఎందుకు విడిపోయిందన్న ప్రశ్న ఫిలిప్పీన్స్‌ను అర్థం చేసుకోవడానికీ, తెలుగునాటిని అర్థం చేసుకోవడానికీ పనికొస్తుంది.

పారమట్టా నదీతీరం దారుగ్ ప్రజలలోని బురమట్టగల్ తెగవారిది. ఊరిపేరు వారినుండే వచ్చింది. 1788 నవంబరులో గవర్నర్ ఫిలిప్ అక్కడ ‘రోజ్ హిల్’ పేర వ్యవసాయ స్థావరం పెట్టాడు. 1791లో దానికి పారమట్టా అన్న పేరు స్థిరపడింది. ఎవరికి ఎన్ని ఎకరాలన్నది గవర్నర్ సంతకంతో తేలేది. పెముల్వుయ్ నాయకత్వాన 1797లో పారమట్టాపై జరిగిన దాడి ఆ సంతకాలను ఒప్పుకోనివారి జవాబు. 1802లో అతన్ని కాల్చి చంపారు. ఆపైన పారమట్టాలో భూమి గురించిన తగవులు ఎక్కువగా వచ్చినవారి నడుమనే సాగాయి.

జాన్ మెకార్థర్ 1790లో రెండవ నౌకాదళంతో, న్యూ సౌత్ వేల్స్ కోర్ అనే సైనికదళంలో లెఫ్టినెంటుగా వచ్చాడు. వెంట భార్య ఎలిజబెత్, పసివాడు ఎడ్వర్డ్. ఫిలిప్ వెళ్ళిపోయాక ఆ దళానికే చెందిన మేజర్ గ్రోస్ తాత్కాలిక పాలకుడయ్యాడు. 1793 ఫిబ్రవరిలో గ్రోస్ తన లెఫ్టినెంటుకు పారమట్టా దగ్గర 100 ఎకరాలిచ్చాడు, దానితోపాటు ఖైదీ కూలీలను పనికి కేటాయించే అధికారమూ ఇచ్చాడు. ఎకరాలకంటే ఈ రెండవది విలువైనది. భూమి ఎవరికైనా దొరికే చోట, దున్నే చేతులు ఎవరి ఆజ్ఞలో ఉంటాయో వారే సంపన్నులవుతారు. ఆ ఏడాదే కట్టిన ఇల్లు ‘ఎలిజబెత్ ఫార్మ్’ ఇప్పటికీ నిలిచి ఉంది. ఆస్ట్రేలియాలో మిగిలిన ఐరోపా కట్టడాలలో అతి పాతది అదే.

గవర్నర్లు ఈ ఆటకు అతీతులు కారు. పదవి దిగిపోతున్న గవర్నర్ కింగ్, కొత్తగా వచ్చిన బ్లైకి మూడుచోట్ల కలిపి వెయ్యి ఎకరాలకు పైగా రాసిచ్చాడు. బ్లై గవర్నర్ కాగానే కింగ్ భార్యకు 790 ఎకరాలిచ్చాడు. ఆమె ఆ భూమికి పెట్టుకున్న పేరు ‘థాంక్స్’. దస్తావేజులో ఇంత నిజాయితీ అరుదు.

మెకార్థర్ 1801లో తన పై అధికారి కర్నల్ పాటర్సన్‌తో ద్వంద్వయుద్ధం చేసి అతన్ని గాయపరిచాడు. గవర్నర్ కింగ్ అతన్ని విచారణ కోసం ఇంగ్లండుకు పంపాడు. శిక్షకు బదులు అక్కడ లార్డ్ కామ్డెన్ ఆదరణ దొరికింది. ఉన్నిగొర్రెల పెంపకానికి 5,000 ఎకరాల ఉత్తర్వు పట్టుకుని 1805లో తిరిగి వచ్చాడు. ఆ భూమికి కామ్డెన్ అనే పేరు పెట్టాడు. 1808 జనవరి 26న, తన మీద నడుస్తున్న కేసు మధ్యలో, మేజర్ జాన్‌స్టన్‌ను ముందుంచి సైనికదళం చేత గవర్నర్ బ్లైనే నిర్బంధింపజేశాడు. కొన్ని నెలలపాటు ‘వలసరాజ్య కార్యదర్శి’ హోదాలో పాలన నడిపాడు. 1811లో లండన్ సైనిక న్యాయస్థానం జాన్‌స్టన్‌ను ఉద్యోగం నుండి తొలగించింది. సిడ్నీలో అడుగు పెడితే అరెస్టు కావలసి వస్తుందన్న భయంతో మెకార్థర్ 1817 దాకా ఇంగ్లండులోనే ఉండిపోయాడు.

మొదటి ప్రవాసంలో నాలుగేళ్ళు, రెండవ దానిలో ఎనిమిదేళ్ళు ఎలిజబెత్ పొలాలనూ మందలనూ లెక్కలనూ చూసుకుంది. ఉన్ని వ్యాపారపు కీర్తి చాలాకాలం భర్త ఖాతాలోనే పడింది. గొర్రెలను ఎంచి పెంచిన ఏళ్ళలో ఎక్కువ భాగం ఆయన ఊళ్ళో లేడన్నది చరిత్రకారులు ఆలస్యంగా గుర్తించిన విషయం. లండనుకు రాసిన ఉత్తరానికి జవాబు రావడానికి ఏడాది పట్టే కాలమది. బ్యాంకులు లేవు, న్యాయస్థానం ప్రత్యర్థుల చేతిలో ఉండవచ్చు. అటువంటిచోట నమ్మదగిన సంస్థ ఒక్కటే, కుటుంబం. కులీనుల కుటుంబనిష్ఠను వారి స్వభావదోషంగా చూడడం తేలిక. ఆ నిష్ఠకు బదులు మరేదీ లేని పరిస్థితి దాన్ని పెంచిందన్నది అంతకంటే ముఖ్యం.

ఈ కుటుంబపు అల్లికను వివరించడానికి ఇంగ్లీషుకంటే తెలుగే అనువైన భాష. ‘కజిన్’, ‘ఇన్-లా’ అనే రెండు మాటలతో సరిపెట్టే చోట తెలుగులో ప్రతి ముడికీ పేరుంది. జాన్ మెకార్థర్ అన్న కొడుకు హానిబాల్, పినతండ్రి వెంట 1805లో వచ్చాడు. 1812లో అతను మాజీ గవర్నర్ కింగ్ కూతురు ఆనా మరియాను పెళ్ళాడాడు. పినతండ్రిని ఓడ ఎక్కించి పంపిన గవర్నరుతో వియ్యం కలిసింది. జాన్ కూతురు మేరీని వలసరాజ్యపు ప్రధాన వైద్యాధికారి డాక్టర్ జేమ్స్ బౌమన్‌కిచ్చారు. 1824లో లండన్‌లో పది లక్షల ఎకరాల హక్కుతో ఆస్ట్రేలియన్ అగ్రికల్చరల్ కంపెనీ ఏర్పడింది. దాని వెనుక లండన్‌లో బారిస్టరుగా ఉన్న జాన్ రెండవ కొడుకు చేయి ఉంది. సిడ్నీలో కంపెనీని పర్యవేక్షించే స్థానిక సంఘంలో నలుగురు: కొడుకు జేమ్స్, అన్న కొడుకు హానిబాల్, అల్లుడు బౌమన్, హానిబాల్ బావమరిది కెప్టెన్ ఫిలిప్ పార్కర్ కింగ్. వాటాదారులు లండన్‌లో, సొమ్ము వారిది. నిర్ణయాలు మాత్రం ఒక ఇంటి భోజనాల బల్ల దగ్గర. కంపెనీ ప్రతినిధి రాబర్ట్ డాసన్‌కు ఈ సంఘంతో పొసగలేదు, 1828లో ఉద్యోగం పోయింది.

తరువాతి తరంలో ముడి ఇంకా బిగిసింది. హానిబాల్ కూతురు కేట్‌ను 1840లో, ఇప్పటి క్వీన్స్‌లాండ్‌లోని డార్లింగ్ డౌన్స్‌లో తొలిగా మందలు దింపిన పాట్రిక్ లెస్లీకిచ్చారు. చెల్లెలు ఎమెలిన్ అతని తమ్ముడు జార్జిని చేసుకోవడంతో అక్కచెల్లెళ్ళు తోడికోడళ్ళయ్యారు. మరో కూతురు భర్త జాన్ విక్హామ్. బీగిల్ నౌకలో పనిచేసి తరువాత దాని కెప్టెన్ అయిన ఇతను, మోర్టన్ బేలో ప్రభుత్వాధికారి అయ్యాడు. 1843లో కెప్టెన్ కింగ్ కొడుకు ఫిలిప్ గిడ్లీ తన మేనత్త కూతురు ఎలిజబెత్‌ను పెళ్ళాడాడు. గోదావరి జిల్లాల్లో ఆస్తి గడప దాటకుండా చేసుకున్న మేనరికాలకూ దీనికీ తేడా పురోహితుడి భాషలోనే. పారమట్టాకు కిందుగా నదిమీద హానిబాల్ కట్టించిన ‘వైన్‌యార్డ్’ భవనం ఈ బంధువర్గానికి కేంద్రం. 1836లో చార్లెస్ డార్విన్ అక్కడ అతిథిగా భోంచేశాడు.

ఈ వర్గం ఊరినెలా నడిపిందో 1822 నాటి ఒక వ్యవహారం చూపుతుంది. పారమట్టా ఆసుపత్రికి హెన్రీ గ్రాటన్ డగ్లస్ అనే ఐరిష్ వైద్యుడు కొత్తగా వచ్చాడు. గవర్నర్ బ్రిస్బేన్ ఆదరంతో మేజిస్ట్రేటు కూడా అయ్యాడు. మహిళా ఖైదీలను ఉంచే ఫీమేల్ ఫ్యాక్టరీ బాధ్యతా అతనికే వచ్చింది. అప్పటికే ఆ న్యాయపీఠం మీద రెవరెండ్ సామ్యూల్ మార్స్‌డెన్, హానిబాల్ మెకార్థర్ ఉన్నారు. ఆన్ రమ్స్‌బీ అనే ఖైదీ యువతి డగ్లస్ ఇంట పనిచేసేది. డగ్లస్ ఆమెతో అసభ్యంగా ప్రవర్తించాడని, ఆమెను తెచ్చిన ఓడ వైద్యుడు ఆరోపించాడు. మేజిస్ట్రేట్లు తమ సహచరుడిపైనే విచారణ మొదలుపెట్టారు. డగ్లస్ హాజరు కాలేదు. రమ్స్‌బీ అటువంటిదేమీ జరగలేదని చెప్పింది. మేజిస్ట్రేట్లు ఆమె మాట నమ్మలేదు, అబద్ధసాక్ష్యం నేరానికి ఆమెనే పోర్ట్ మెక్వారీ శిక్షాస్థావరానికి పంపమని తీర్పిచ్చారు.

బాధితురాలిగా పిలిచిన మనిషిని నేరస్థురాలిగా పంపిన ఈ తీర్పును గవర్నర్ రద్దు చేశాడు. దానికి నిరసనగా వారు డగ్లస్‌తో కలిసి పీఠమెక్కబోమన్నారు. బ్రిస్బేన్ వారినే పదవుల నుండి తప్పించాడు. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఇరుపక్షాల ఫిర్యాదులూ లండన్‌కు వెళ్ళాయి. ఆ కాగితాల గుట్టలో గవర్నర్ అధికారం, మేజిస్ట్రేట్ల గౌరవం, డాక్టర్ నడవడి గురించి ఎంతో ఉంది. రమ్స్‌బీ నిజంగా ఏం అనుభవించిందో అడిగినవారు తక్కువ. వర్గాల పోరులో ఆమె ఒక సాధనం. డగ్లస్ తరువాత సిడ్నీ విశ్వవిద్యాలయ స్థాపనకు పూనుకున్న తొలివారిలో ఒకడయ్యాడు. ఈ వ్యవహారంలో గమనించవలసింది ఇంకొకటి ఉంది. స్థానిక కుటుంబాలకు పైన, వారితో వియ్యం లేని ఒక అధికారి ఉన్నాడు, అవసరమైతే ఒక్క ఉత్తర్వుతో వారిని దించగలిగాడు. ఫిలిప్పీన్స్ చరిత్రలో ఇటువంటి పైఅధికారం బలహీనం.

వెంట్వర్త్‌లది ఇంకో దారి. డార్సీ వెంట్వర్త్ లండన్‌లో దారిదోపిడీ కేసుల్లో నిర్దోషిగా బయటపడి, సహాయ వైద్యుడిగా తానే కోరి వచ్చాడు. దూరపు బంధువు ఎర్ల్ ఫిట్జ్‌విలియం ఆదరణ అతనికి వెన్నుదన్ను. ప్రధాన వైద్యుడై, పోలీసు అధిపతియై, 1817లో బ్యాంక్ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ తొలి డైరెక్టర్లలో ఒకడయ్యాడు. 1810లో సిడ్నీ ఆసుపత్రి కట్టే గుత్త మరో ఇద్దరితో కలిసి తీసుకున్నాడు. ప్రతిఫలం 45,000 గ్యాలన్ల రమ్ము దిగుమతి హక్కు. ఆసుపత్రిలో రోగుల బాగోగులు చూడవలసిన ప్రధాన వైద్యుడే, ఆసుపత్రి గోడలు కట్టే గుత్తేదారు, ఊరికి సారా పోసే వ్యాపారి, తాగినవారిని పట్టే పోలీసు! వైద్యవృత్తి చరిత్రలో స్వప్రయోజనాల సంఘర్షణకు ఇంతకు మించిన ఉదాహరణ వెదకనక్కరలేదు.

ఖైదీ స్త్రీకి పుట్టిన డార్సీ కొడుకు విలియం చార్లెస్ వెంట్వర్త్, జాన్ మెకార్థర్ పెద్ద కూతురిని పెళ్ళాడాలనుకున్నాడు. ఒక అప్పు విషయమై జాన్‌తో తగవు రావడంతో సంబంధం చెడింది. ఆ పెళ్ళి జరిగి ఉంటే న్యూ సౌత్ వేల్స్ రాజకీయం ఎలా ఉండేదో ఊహించడం చరిత్రకారుల పని కాదు గానీ, జరగకపోవడం వల్ల ఏమైందో తెలుసు. 1824లో వెంట్వర్త్ ‘ది ఆస్ట్రేలియన్’ పత్రిక పెట్టి, శిక్ష ముగిసిన ఖైదీల పక్షాన, జ్యూరీ విచారణ కోసం, ఎన్నికైన సభ కోసం పోరాడాడు. మెకార్థర్‌ల వంటి ‘ఎక్స్‌క్లూజివ్’ల పాలిట బద్ధశత్రువయ్యాడు.

శత్రుత్వం ముప్పై ఏళ్ళకు చల్లారింది. అప్పటికి వెంట్వర్త్ కూడా పెద్ద భూస్వామి. 1853లో కొత్త రాజ్యాంగం రాసిన సంఘానికి అతనే అధ్యక్షుడు. వంశపారంపర్య బిరుదులిచ్చి, ఆ బిరుదులవారి నుండి ఎగువసభను ఏర్పరచాలన్నది అతని ప్రతిపాదన. జాన్ మెకార్థర్ కొడుకు జేమ్స్ అతని పక్షాన ఉన్నాడు. 1820 ప్రాంతంలో కమిషనర్ బిగ్‌తో జాన్ చెప్పిన ఆలోచన, పదేసి వేల ఎకరాలున్న భూస్వాముల కులీనవర్గమన్నది, శత్రువు చేతిలో చట్టరూపం పొందబోయింది. ఆగస్టులో విక్టోరియా థియేటర్‌లో జరిగిన సభలో డేనియల్ డెనిహీ అనే యువ న్యాయవాది, ఖైదీ దంపతుల కొడుకు, ఆ ప్రతిపాదనను నవ్వులపాలు చేశాడు. బనియిప్ అనేది ఆదివాసుల కథల్లో చెరువుల్లో ఉండే జంతువు. ఆస్ట్రేలియాలో అన్నీ తలకిందులే గనుక ఇక్కడి ప్రభువులు ‘బనియిప్ ప్రభువులు’ అన్నాడతను. జేమ్స్ మెకార్థర్ ప్రభువైతే అతని రాజచిహ్నం మీద రమ్ము పీపా ఉండాలని ఎద్దేవా చేశాడు. 1808 నాటి తిరుగుబాటు జ్ఞాపకం సభికులకు విడమరచి చెప్పనక్కరలేదు. వంశపారంపర్య ప్రతిపాదన వీగిపోయింది. నియమిత ఎగువసభ మాత్రం నిలిచింది.

ఒక ప్రసంగానికి కులీనవర్గాన్ని కూల్చే శక్తి ఉందనుకోవడం అతిశయం. పునాదులు పదేళ్ళ ముందే కదిలాయి. 1840లో న్యూ సౌత్ వేల్స్‌కు ఖైదీల రవాణా ఆగి, ఉచిత శ్రమ పోయింది. 1840ల మాంద్యంలో ఉన్ని, గొర్రెల ధరలు పడిపోయాయి. ఈ వర్గం 1826లో తమకోసం పెట్టుకున్న బ్యాంక్ ఆఫ్ ఆస్ట్రేలియా 1843లో కూలింది. దాని అధ్యక్షుడు హానిబాల్. అదే ఏడు తొలి ఎన్నికల్లో పారమట్టా అతన్ని శాసన మండలికి పంపింది. 1848 నాటికి అతను దివాలా తీశాడు. డాక్టర్ బౌమన్ కూడా మునిగాడు. అతని అప్పుల భారాన్ని బావమరుదులు తలకెత్తుకోవలసి వచ్చింది. కుటుంబనిష్ఠ ఎదుగుదలలో ఎంత బలమో, పతనంలో అంత గుదిబండ.

తరువాత బంగారం వచ్చింది. 1851 నుండి గనులకు తరలివచ్చిన వేలాదిమందికి ఏ దొర ఉప్పూ తిన్న రుణం లేదు. 1856లో బాధ్యతాయుత ప్రభుత్వం ఏర్పడ్డాక పారమట్టా సభ్యుడు హెన్రీ వాట్సన్ పార్కర్ ప్రధానమంత్రి అయ్యాడు. ఇతను జాన్ మెకార్థర్ చిన్న కూతురి భర్త. ఎన్నికల చట్టం విషయమై 1857లో అతని ప్రభుత్వం పడిపోయింది. 1858లో కౌపర్ ప్రభుత్వం పురుషులందరికీ ఓటు, రహస్య బ్యాలెట్టు తెచ్చింది. పారమట్టా ఓటరు కూలి తీసుకునేవాడు, చేతిపనివాడు, దుకాణదారు. ఓటు ఎవరికి వేశాడో యజమానికి తెలియని రోజున యజమాని అల్లుడికి వేయవలసిన అగత్యం పోయింది.

ఈ వివరణకు కామ్డెనే పరీక్ష. అక్కడి ఎస్టేటులో మెకార్థర్‌లు భూమిని కౌలుకిచ్చారు. కౌలుదార్లతో చర్చి, బడి, పండుగల బంధం పెంచుకున్నారు. జాన్ కొడుకుల్లో జేమ్స్‌కు ఒక్కతే కూతురు. ఆమె 1867లో కెప్టెన్ ఆర్థర్ ఆన్‌స్లోను పెళ్ళాడింది. ఇల్లరికం వంటి ఆ సంబంధంలో పుట్టినవారు తల్లి ఇంటిపేరును తండ్రి పేరుకు ముందు చేర్చుకున్నారు. ఆర్థర్ కామ్డెన్ నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. వారి కొడుకు జేమ్స్ 20వ శతాబ్ది తొలి దశకాల వరకు శాసనసభ్యుడు. కౌలుదార్లున్నచోట ఇంటిపేరుకు ఓట్లు వచ్చాయి. కూలీలున్న పారమట్టాలో రాలేదు.

ఫిలిప్పీన్స్‌లో దేశమంతా కామ్డెన్. స్పానిష్ కాలపు గ్రామపెద్దల కుటుంబాలు అమెరికన్లు రాకముందే భూమి కూడగట్టాయి. 1907లో అమెరికన్లు జరిపిన తొలి జాతీయ సభ ఎన్నికల్లో ఓటు ఆస్తి, పన్ను, లేదా ఇంగ్లీషు–స్పానిష్ చదువు ఉన్న పురుషులకే. నిష్పాక్షికమైన ప్రభుత్వోద్యోగ వ్యవస్థ గట్టిపడకముందే ఎన్నికలొచ్చాయి. గెలిచిన కుటుంబాలే రుణాల బ్యాంకునూ పోలీసునూ న్యాయమూర్తినీ నియమించే స్థితికొచ్చాయి. ఆల్ఫ్రెడ్ మెకాయ్ 1993లో వెలువరించిన వ్యాససంపుటి, బలహీనమైన ప్రభుత్వమూ బలమైన కుటుంబమూ ఒకదాన్నొకటి పోషించుకున్న తీరును జిల్లాలవారీగా చూపింది. కౌలుదారు బిడ్డకు భూస్వామి జ్ఞానపిత కావడం, ఆసుపత్రి ఖర్చు భరించడం, దానికి బదులుగా ‘ఉతాంగ్ నా లోఓబ్’ అనే తీరని కృతజ్ఞతారుణం. ఈ మాటకు తెలుగులో వివరణ అవసరం లేదు, ఉప్పు తిన్న విశ్వాసం అంటే చాలు. కొరజాన్ అకినో 1988లో భూసంస్కరణ చట్టం తెచ్చింది. ఆమె పుట్టింటి హసియెండా లుయిసితా భూములను రైతులకు పంచమని సుప్రీంకోర్టు తుది ఆదేశం రావడానికి 2012 దాకా పట్టింది. అప్పుడు అధ్యక్షుడు ఆమె కొడుకే.

తెలుగునేల ఈ రెంటికీ మధ్యన ఉంది. మెకార్థర్ లండన్‌లో భూమి కోసం తిరుగుతున్న ఏళ్ళలోనే, 1802లో, ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల జమీందారులకు శాశ్వత పట్టాలు మొదలుపెట్టింది. 1932లో బొబ్బిలి రాజా మద్రాసు ప్రధానమంత్రి అయ్యాడు. 1937లో సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడాడు. ఓటుహక్కు అప్పటికింకా పరిమితమే, అయినా రైతులకు కొంత అందింది, కాంగ్రెసు రూపంలో ఇంటిపేరుకు ప్రత్యామ్నాయమూ దొరికింది. 1948 చట్టం ఎస్టేట్లనే రద్దు చేసింది. అయినా విజయనగరం పూసపాటివారూ, బొబ్బిలివారూ 21వ శతాబ్దిలో కూడా ఎన్నికవుతూనే ఉన్నారు. జమీందారీ ఎన్నడూ లేని ఇళ్ళలో సినిమా, గుత్తపనులు, పార్టీ యంత్రాంగం కొత్త ఎస్టేట్లయ్యాయి. 1995లో మామ చేతినుండి పార్టీ అల్లుడి చేతికి వెళ్ళినప్పుడూ, తరువాత మరో ఇంట అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా నిలిచినప్పుడూ, తెలుగు ఓటరు ముందున్న ప్రశ్న వారసత్వం కావాలా వద్దా అని కాదు, అసలు వారసుడెవరని. భూమి పోయినా ఈ ప్రశ్న పోలేదు. ఆసుపత్రిలో పడక, పింఛను, పోలీసు స్టేషనులో ఒక మాట, వీటికి ఎవరి సిఫారసూ అక్కరలేని పరిస్థితి ఇంకా రాకపోవడమే దానికి ప్రధాన కారణంగా కనిపిస్తుంది.

జాన్ మెకార్థర్ 1832లో మతిస్థిమితం కోల్పోయాడన్న కారణంతో శాసన మండలి నుండి తొలగింపబడ్డాడు. రెండు శతాబ్దాల తరువాత ఉత్తరాలు చదివి ఆ జబ్బుకు పేరు పెట్టే ప్రయత్నాలు జరిగాయి. రోగిని చూడని వైద్యుడు చేయదగిన పని కాదది. 1834లో కామ్డెన్‌లో మరణించాడు. ఎలిజబెత్ 1850 దాకా బతికింది. ఎలిజబెత్ ఫార్మ్‌ను వారసులు 1881లో అమ్మేశారు. 1984 నుండి అది ప్రదర్శనశాల. అక్కడి కుర్చీల్లో ఎవరైనా కూర్చోవచ్చు. హానిబాల్ భవనాన్ని 1849లో కాథలిక్ బిషప్ కొని సన్యాసినులకిచ్చాడు. 1961లో దాన్ని కూల్చివేశారు. ముఖమంటపపు రాతిస్తంభాలు కొన్ని సిడ్నీలో ఒక విశ్వవిద్యాలయ ఆవరణకు చేరాయి.